కన్ను ముందా, చెవి ముందా? చూపునకూ వినికిడికీ మెదడు కట్టే కాలపు లెక్క

చెరువు ఆవలి గట్టున చాకిరేవు బండ మీద బట్టలు ఉతికే మనిషిని ఈవలి గట్టు నుంచి గమనిస్తే ఒక వింత కనిపిస్తుంది. బట్ట బండను తాకిన క్షణంలో చప్పుడు వినిపించదు. బట్ట మళ్లీ పైకి లేచిన తరువాత గాని ఆ దెబ్బ చెవిని చేరదు. అదే మనిషి పది గజాల దూరంలో ఉంటే దెబ్బ, చప్పుడు ఒకేసారి జరిగినట్లు తోస్తుంది. నిజానికి పది గజాల దూరంలో కూడా శబ్దం వెలుగు కన్న ఆలస్యంగానే వస్తుంది. ఆ ఆలస్యం మనిషికి తెలియకుండా సర్దేది మెదడు.

చూసినదీ విన్నదీ ఒకే సంఘటనకు చెందినవా, లేక రెండు వేర్వేరు సంఘటనలా అన్న తీర్పును మెదడు రెప్పపాటులో ఇస్తుంది. మాట అర్థం కావడానికీ, పిడుగు ఎంత దూరంలో పడిందో ఊహించడానికీ, పరుగు పందెంలో న్యాయం జరగడానికీ, పసిబిడ్డకు భాష రావడానికీ ఈ తీర్పుతో సంబంధం ఉంది. ఈ తీర్పు ఎలా జరుగుతుందో, ఎక్కడ పొరపడుతుందో శాస్త్రజ్ఞులు రెండు శతాబ్దాలుగా పరిశీలిస్తున్నారు.

బయటి పరుగులో వెలుగుదే గెలుపు

వెలుగు సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. శబ్దం 20 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత గల గాలిలో సెకనుకు 343 మీటర్లు మాత్రమే పోగలదు. గాలి వేడెక్కిన కొద్దీ ఈ వేగం స్వల్పంగా పెరుగుతుంది. ఊరి పరిధిలో వెలుగుకు పట్టే సమయం లెక్కలోకి రానంత తక్కువ. కనుక ఆలస్యమంతా శబ్దానిదే.

సెకనులో వెయ్యవ వంతును మిల్లీసెకను అంటారు. 10 మీటర్ల దూరం నుంచి వచ్చే శబ్దానికి సుమారు 29 మిల్లీసెకన్లు పడుతుంది. 34 మీటర్లకు సుమారు 100, నూరు మీటర్లకు సుమారు 290 మిల్లీసెకన్లు పడుతుంది. ఒక కిలోమీటరు దూరానికి దాదాపు 3 సెకన్లు. జాతరలో బాణసంచా ఆకాశంలో విచ్చుకున్న తరువాత శబ్దం రావడానికి కారణం ఇదే.

లోపలి పరుగులో శబ్దానిదే గెలుపు

శరీరంలోకి ప్రవేశించిన తరువాత పందెం తారుమారవుతుంది. లోపలి చెవిలోని సూక్ష్మ రోమకణాలు గాలి కంపనాలను ఒక మిల్లీసెకను లోపే విద్యుత్ సంకేతంగా మారుస్తాయి. కంటి వెనుక ఉండే నేత్రపటలంలో జరిగేది రసాయన చర్య. దానికి పదుల మిల్లీసెకన్లు కావాలి. ఫలితంగా ధ్వని సంకేతం మెదడు పై పొరను 10 నుంచి 20 మిల్లీసెకన్లలో చేరితే, దృశ్య సంకేతం చేరడానికి 50 మిల్లీసెకన్ల వరకు పడుతుంది. దీపం వెలగగానే మీట నొక్కమంటే మనుషులు సగటున 190 మిల్లీసెకన్ల ప్రాంతంలో నొక్కుతారు. గంట మోగగానే నొక్కమంటే 150 మిల్లీసెకన్ల ప్రాంతంలోనే నొక్కుతారు.

నాడులలో సంకేతం నడవడానికి కొలవదగినంత కాలం పడుతుందని 1850లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ నిరూపించాడు. కప్ప నాడిపై చేసిన ప్రయోగంలో ఆ వేగం సెకనుకు 30 మీటర్లకు అటూ ఇటుగా తేలింది. తలచిన క్షణమే చేయి కదులుతుందని నమ్మిన ఆ కాలపు పండితులకు ఇది నమ్మశక్యం కాని విషయంగా తోచింది.

బయట ఓడిన శబ్దం లోపల గెలుస్తుంది. కనుక ఈ రెండూ సరితూగే దూరం ఒకటి ఉండాలి. అది సుమారు 10 నుంచి 15 మీటర్లు. అంతకన్న దగ్గరి సంఘటనలో ధ్వని సంకేతం ముందు మెదడును చేరుతుంది. అంతకన్న దూరమైతే దృశ్య సంకేతం ముందు చేరుతుంది. దీనిని చూపునకూ వినికిడికీ నడుమ ఉన్న పొలిమేరగా భావించవచ్చు.

గ్రీన్విచ్‌లో పోయిన ఉద్యోగం

ఈ విషయం శాస్త్రలోకం దృష్టికి వచ్చినది ఒక ఉద్యోగి తొలగింపు వలన. ఇంగ్లండులోని గ్రీన్విచ్ ఖగోళ వేధశాలకు అప్పట్లో నెవిల్ మాస్కెలిన్ అధిపతి. డేవిడ్ కిన్నెబ్రూక్ ఆయన సహాయకుడు. దూరదర్శినిలో సన్నని తీగలు నిలువుగా అమర్చి ఉండేవి. నక్షత్రం తీగను దాటే క్షణాన్ని నమోదు చేయడం సహాయకుని పని. అతడు పక్కనున్న గడియారపు టిక్కు టిక్కులను చెవితో లెక్కిస్తూ, నక్షత్రం కదలికను కంటితో చూస్తూ, అది ఏ రెండు టిక్కుల మధ్య తీగను దాటిందో సెకనులో పదో వంతు వరకు అంచనా కట్టాలి.

1795లో కిన్నెబ్రూక్ లెక్కలు మాస్కెలిన్ లెక్కల కంటే అర సెకను ఆలస్యంగా ఉన్నట్లు తేలింది. హెచ్చరించినా తేడా తగ్గలేదు. 1796 ప్రారంభానికి అది సెకనులో పది వంతులకు 8 వంతులైంది. ఆ కాలంలో నౌకల గమనానికి ఈ లెక్కలే ఆధారం. భూమధ్యరేఖ వద్ద 0.8 సెకను కాలదోషం అంటే స్థలంలో సుమారు 370 మీటర్ల తేడా. సహాయకుడు సరైన పద్ధతిని వదిలి తన సొంత పద్ధతిలో పడ్డాడని భావించి మాస్కెలిన్ అతడిని తొలగించాడు.

సుమారు రెండు దశాబ్దాల తరువాత ఈ ఉదంతం జర్మన్ ఖగోళవేత్త ఫ్రెడరిక్ బెసెల్ కంటబడింది. అనుభవజ్ఞులైన ఖగోళవేత్తలను జంటలుగా పోల్చి చూసిన ఆయన, ఏ ఇద్దరి లెక్కలూ సరిగ్గా కలవవని కనుగొన్నాడు. కొందరి మధ్య తేడా ఒక సెకనుకు మించి ఉంది. కన్ను చూసినదాన్నీ చెవి విన్నదాన్నీ జత చేయడంలో ప్రతి మనిషికీ తనదైన తేడా ఉంటుంది. దానికి వ్యక్తిగత సమీకరణం అని పేరు వచ్చింది. కిన్నెబ్రూక్ తప్పుగా భావించబడినది అశ్రద్ధ కాదు, మానవ మెదడు స్వభావం. ఆ సంగతి తెలిసే నాటికి అతని కొలువు పోయి చాలా కాలమైంది.

1861లో విల్హెల్మ్ వుంట్ లోలకానికి గంటను జతచేసి ఇదే విషయాన్ని పరీక్షించాడు. గంట మోగినప్పుడు లోలకం ఎక్కడ ఉందో చెప్పమంటే, అది నిజంగా ఉన్న చోటుకు బదులు మరొక చోటు తోచింది. ఒకే సమయంలో మనసు రెండింటి మీద సమానంగా నిలవదని ఆయన గ్రహించాడు. దేని మీద దృష్టి నిలిపితే అది ముందుగా జరిగినట్లు తోస్తుందని తరువాతి పరిశోధకులు దీనిని ఒక సూత్రంగా చెప్పారు. 1879లో వుంట్ లైప్‌జిగ్‌లో స్థాపించిన ప్రయోగశాల మనస్తత్వశాస్త్రానికి పునాదిగా గుర్తింపు పొందింది.

మెదడు ఇచ్చే గడువు

రెండు సంకేతాలు ఒకే క్షణంలో రాకపోయినా, కొంత గడువు లోపల వస్తే మెదడు వాటిని ఒకే సంఘటనగా అంగీకరిస్తుంది. దీపపు మెరుపు, చిటికె వంటి సూక్ష్మమైన వాటికి ఈ గడువు తక్కువ. మనిషి మాటకు ఎక్కువ. స్థూలంగా ఇది 100 నుంచి 200 మిల్లీసెకన్ల వరకు ఉంటుంది.

ఈ గడువు రెండు వైపులా సమానంగా ఉండదు. టెలివిజన్ ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం 1998లో ఇచ్చిన సిఫారసు ప్రకారం, శబ్దం బొమ్మ కంటే 45 మిల్లీసెకన్లు ముందు వస్తేనే ప్రేక్షకులు పసిగట్టగలరు. శబ్దం వెనుకబడితే మాత్రం 125 మిల్లీసెకన్ల వరకు గమనించలేరు. ప్రకృతిలో శబ్దం వెలుగును మించి ముందు రావడం ఎన్నడూ జరగదు. ఆలస్యంగా రావడం నిత్యం జరిగేదే. అందుచేత ఆలస్యాన్ని మెదడు మన్నిస్తుంది, తొందరను మన్నించదు.

పాత సినిమా హాళ్లలో ఈ గడువే ప్రేక్షకులను కాపాడింది. ఫిలిం సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడిచేది. అంటే ఒక్కో ఫ్రేముకు సుమారు 42 మిల్లీసెకన్లు. ప్రొజెక్టరులో బొమ్మ పడే చోటు ఒకటి, ధ్వనిని చదివే చోటు మరొకటి. అందుకని ధ్వనిని బొమ్మ కంటే సుమారు 20 ఫ్రేముల ముందు ముద్రించేవారు. ఆపరేటరు రీలు చుట్టడంలో రెండు మూడు ఫ్రేములు తేడా చేస్తే నటుల పెదవులకూ మాటలకూ పొంతన తప్పేది. తెరకు 34 మీటర్ల దూరంలో కూర్చున్నవారికి ధ్వని ఎలాగూ 100 మిల్లీసెకన్లు ఆలస్యం. అయినా వారెవరూ ఫిర్యాదు చేయలేదు. నేటి సెల్‌ఫోను వీడియో కాల్‌లో మాట ముందు వచ్చి ముఖం తరువాత కదిలితే మాత్రం చూసేవారికి వెంటనే చికాకు కలుగుతుంది.

పెదవులు మార్చే అక్షరం

1976లో హ్యారీ మెక్‌గర్క్, జాన్ మెక్‌డొనాల్డ్ అనే పరిశోధకులు ఒక ఆశ్చర్యకరమైన విషయాన్ని ప్రకటించారు. ‘గ’ అని పలుకుతున్న ముఖాన్ని చూపిస్తూ ‘బ’ అనే ధ్వనిని వినిపించారు. విన్నవారిలో అత్యధికులకు ‘ద’ అని వినిపించింది. కళ్లు మూసుకుంటే ‘బ’ అని స్పష్టంగా వినిపించింది.

తెలుగు వ్యాకరణం చదివినవారికి దీని మర్మం సులభంగా అందుతుంది. ‘బ’ ఓష్ఠ్యం, పెదవులు మూయనిదే పలకదు. ‘గ’ కంఠ్యం, నోటి వెనుక భాగంలో పుడుతుంది. పెదవులు మూతపడలేదని కన్ను చెబుతుంది. ‘బ’ అని చెవి చెబుతుంది. ఇద్దరు సాక్షుల మాటకూ మధ్యేమార్గంగా, రెంటికీ నడుమ పుట్టే దంత్యమైన ‘ద’ను మెదడు ఎంచుకుంటుంది. ధ్వనికీ పెదవుల కదలికకూ నడుమ ఎడం బాగా పెరిగితే మెదడు ఆ ఇద్దరు సాక్షులను వేరు చేస్తుంది. ఈ భ్రమ కూడా తొలగిపోతుంది.

డబ్బింగ్ రచయితల శ్రమ అంతా ఇక్కడే ఉంది. నటుని పెదవులు మూతపడిన చోట ప, బ, మ అక్షరాలు పడాలి. 1950లో వచ్చిన ‘ఆహుతి’ చిత్రానికి శ్రీశ్రీ మాటలు, పాటలు రాశారు. హిందీ నుంచి తెలుగులోకి మార్చిన ఆ చిత్రంతో తెలుగులో డబ్బింగ్ రచన ఆరంభమైంది. భాష మారినా పెదవుల లెక్క తప్పకూడదన్న నియమం నేటికీ ఆ వృత్తిలో ఉంది.

చోటు కంటిది, కాలం చెవిది

తోలుబొమ్మలాటలో పాడేది తెర వెనుక కళాకారుడు. ప్రేక్షకులకు మాత్రం బొమ్మే పాడినట్లు తోస్తుంది. ఎక్కడ జరిగింది అన్న ప్రశ్నకు మెదడు కంటి సాక్ష్యాన్నే ఎక్కువగా నమ్ముతుంది. ఎప్పుడు జరిగింది, ఎన్నిసార్లు జరిగింది అన్న ప్రశ్నలకు మాత్రం చెవికే పెద్దపీట. 2000లో లాదన్ షమ్స్ బృందం చేసిన ప్రయోగంలో ఒక్కసారి మాత్రమే దీపం మెరిపించి, వెంటవెంటనే రెండు చిటికెలు వినిపించారు. దీపం రెండుసార్లు మెరిసిందని చూసినవారు చెప్పారు. చెవి విన్న లెక్క కంటి చూపునే మార్చివేసింది.

దీనికి కారణం లేకపోలేదు. కుడి చెవికీ ఎడమ చెవికీ శబ్దం చేరడంలో ఉండే తేడా ఒక మిల్లీసెకను కూడా ఉండదు. ఆ సూక్ష్మ భేదాన్ని బట్టే శబ్దం ఏ దిక్కు నుంచి వచ్చిందో మెదడు తెలుసుకుంటుంది. కాలాన్ని ఇంత సన్నగా కోయగల శక్తి కంటికి లేదు.

మెదడులో ఈ పని ఒక్క చోటనే జరగదు. మధ్య మెదడులోని సుపీరియర్ కాలిక్యులస్ అనే భాగంలో చూపునకూ శబ్దానికీ రెంటికీ స్పందించే నాడీకణాలు ఉన్నాయి. బారీ స్టీన్, అలెక్స్ మెరెడిత్ 1980లలో పిల్లులపై జరిపిన పరిశోధనలలో, రెండు సంకేతాలు తగిన గడువులో కలిసినప్పుడు ఈ కణాలు విడివిడిగా వచ్చినప్పటి కన్న చాలా బలంగా స్పందించాయి. ఎడం ఎక్కువైతే ఆ బలం తగ్గిపోయింది.

అలవాటు పడే గడియారం

మెదడు గడియారం స్థిరమైనది కాదు. 2004లో జపాను పరిశోధకులు కొందరికి మెరుపునూ శబ్దాన్నీ కొంత ఎడంతో కొన్ని నిమిషాల పాటు పదేపదే చూపించి వినిపించారు. ఆ తరువాత వారు అదే వైపు కొద్దిపాటి తేడాను ఏకకాలంగా అంగీకరించసాగారు. సభలో వెనుక వరుసలో కూర్చున్నవారికి మొదట కొంత తేడాగా తోచిన ప్రసంగం కాసేపటికి మామూలుగా అనిపించడానికి ఇటువంటి సర్దుబాటు తోడ్పడుతుంది.

సర్దుబాటు చెడితే ఏమవుతుందో 2013లో లండన్ పరిశోధకులు ప్రకటించిన ఒక రోగి ఉదంతం తెలుపుతుంది. ఆ వ్యక్తికి ఎదుటివారి పెదవులు కదలకముందే మాట వినిపించేది. పరీక్షలో మాటను సుమారు 200 మిల్లీసెకన్లు ఆలస్యం చేస్తే గాని అతనికి రెండూ కలిసినట్లు తోచలేదు. మెక్‌గర్క్ తరహా పరీక్షలో మాత్రం తేడా సరిగ్గా ఎదురు దిశలో కనిపించింది. మెదడులో ఒకే ప్రధాన గడియారం లేదని, వేర్వేరు భాగాలు వేర్వేరుగా కాలాన్ని లెక్కిస్తాయని పరిశోధకులు దీనిని బట్టి భావించారు.

రెండు భాషల ఇళ్లలో పసిపిల్లలు

ఇంట తెలుగు, వీధిలో కన్నడమో తమిళమో ఒడియానో మరాఠీయో వినే కుటుంబాలకు ఈ పరిశోధనలలో ఒక భాగం ప్రత్యేకంగా ఉపకరిస్తుంది. రెండు భాషలు కలిసి వినడం వలన బిడ్డ తికమక పడుతుందన్న భయం పెద్దలలో తరచుగా కనిపిస్తుంది.

2007లో కెనడాలో జరిగిన ఒక పరిశోధనలో, ధ్వని లేకుండా మాట్లాడుతున్న ముఖాలను మాత్రమే పసిపిల్లలకు చూపించారు. 4, 6 నెలల పిల్లలు మాట్లాడే మనిషి ఇంగ్లీషు నుంచి ఫ్రెంచికి మారిన సంగతిని పెదవులూ ముఖమూ చూసే పసిగట్టారు. 8వ నెల వచ్చేసరికి ఒకే భాష వినే పిల్లలలో ఆ శక్తి కనిపించలేదు. రెండు భాషల ఇంటి పిల్లలలో అది నిలిచి ఉంది. 2015లో స్పెయిన్‌లో చేసిన పరిశీలనలో రెండు భాషలు వింటున్న శిశువులు మాట్లాడేవారి నోటిని ఇతర శిశువుల కన్న ఎక్కువగా గమనించినట్లు తేలింది. బిడ్డ తికమక పడడం లేదని, నోటి కదలికనూ ధ్వనినీ జత చేసుకుంటూ రెండు భాషలనూ విడదీసుకుంటున్నదని ఈ ఫలితాలు సూచిస్తున్నాయి. కనుక బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకుని, ముఖం కనిపించేలా, ఏ భాషలోనైనా తీరికగా మాట్లాడడం మేలు.

పసివారిలో చూపు, శబ్దం కలిపే గడువు పెద్దలకన్న చాలా విశాలంగా ఉంటుంది. వయసు పెరిగిన కొద్దీ, కౌమారం వరకు, అది క్రమంగా సన్నబడుతుంది. ఆటిజం గల కొందరు పిల్లలలో మాటల విషయంలో ఈ గడువు విశాలంగానే మిగిలిపోతుందని 2014లో వెలువడిన అధ్యయనం ఒకటి తెలిపింది.

వినికిడి లేకుండా పుట్టిన పిల్లల విషయంలో జాప్యం హానికరం. లోపలి చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంటు పొందిన పిల్లలపై 2005లో జరిగిన పరిశోధనలో, రెండున్నర ఏళ్ల లోపు దానిని పొందినవారే పెదవుల కదలికనూ ధ్వనినీ నిలకడగా కలిపి గ్రహించగలిగారు. చప్పుడుకు ఉలికిపడని, పిలిస్తే తిరగని బిడ్డను మాటలు ఆలస్యంగా వస్తాయిలే అని ఏళ్ల తరబడి వేచి చూడక, మొదటి నెలలలోనే వినికిడి పరీక్ష చేయించడం అవసరం.

నిత్యజీవితంలో ఉపయోగం

పిడుగు: మెరుపు కనిపించినప్పటి నుంచి ఉరుము వినిపించే వరకు సెకన్లు లెక్కించి మూడుతో భాగిస్తే దూరం కిలోమీటర్లలో వస్తుంది. ఎడం 30 సెకన్లు గాని అంతకన్న తక్కువ గాని ఉంటే పిడుగు 10 కిలోమీటర్ల లోపు ఉన్నట్లే. పొలంలో ఉన్నవారు వెంటనే పక్కా భవనంలోకి చేరాలి. చెట్టు కింద నిలవరాదు. చివరి ఉరుము తరువాత మరో 30 నిమిషాలు బయటికి రాకపోవడం క్షేమం. అసలు ఉరుము వినిపించిందంటేనే ప్రమాదం దగ్గరలో ఉన్నదని గ్రహించాలి.

పరుగు పందెం: పాఠశాల పోటీలలో చేతి గడియారంతో కాలం కొలిచేవారు తుపాకీ శబ్దాన్ని విని గడియారం నొక్కితే, నూరు మీటర్ల పందెంలో దాదాపు 0.29 సెకను పొరపాటు వస్తుంది. అందుకే పొగను గాని మెరుపును గాని చూసి నొక్కాలన్నది నియమం. పందెం మొదలుపెట్టేవారు ఒక చివర నిలిస్తే 8వ వరుసలోని పిల్లవానికి శబ్దం సుమారు 25 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. సెకనుకు 10 మీటర్లు పరుగెత్తేవారికి అది పావు మీటరు. అంతర్జాతీయ పోటీలలో ప్రతి క్రీడాకారుని వెనుకా ఒక స్పీకరు పెట్టడానికి కారణం ఇదే. ఊరి పోటీలలో ఆ ఏర్పాటు లేకపోయినా, సంకేతం ఇచ్చేవారు అందరికీ ఇంచుమించు సమాన దూరంలో నిలిస్తే ఎవరికీ అన్యాయం జరగదు.

వృద్ధుల వినికిడి: గోల ఉన్నచోట మాట్లాడేవారి ముఖం కనిపిస్తే మాట మరింత బాగా అర్థమవుతుందని 1954లోనే ప్రయోగపూర్వకంగా తేలింది. 2020లో కరోనా కాలంలో ముఖానికి గుడ్డ కట్టుకున్నవారి మాట చాలామంది పెద్దవారికి సరిగా అందకపోవడానికి ధ్వని తగ్గడం ఒక కారణమైతే, పెదవులు కనిపించకపోవడం మరొక కారణం. చెవి మందగించిన పెద్దవారితో వంటింటి నుంచి కేకవేసి మాట్లాడే కన్న, ఎదుటికి వచ్చి, వెలుతురు ముఖం మీద పడేలా నిలిచి, నెమ్మదిగా మాట్లాడడం ఉత్తమం. అరిస్తే చెవికి మాత్రమే సాయం. ఎదుట నిలిస్తే కంటికీ చెవికీ కూడా సాయం అందుతుంది.